సముద్రం వైపు వీపు తిప్పి నడవండి: అట్లాంటిక్ సిటీలో భోజనం గురించి

ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. మీరు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటారు. జూన్ చివర్లో అమ్మానాన్నలను తీసుకుని రెండు రాత్రులు అట్లాంటిక్ సిటీకి వెళ్తున్నారు. బోర్డ్‌వాక్, అంటే సముద్రం వెంట వేసిన చెక్క బాట, మీది క్యాసినో హోటల్లో గది తీసుకున్నారు. నాన్నగారికి చేపలంటే ప్రాణం, గొడ్డు మాంసం మాత్రం తినరు. అమ్మగారు శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. హోటల్ లోపలి రెస్టారెంట్ల ధరలు చూస్తే గుండె గుభేలుమంది. రివ్యూలు చదివితే ఒకరు అద్భుతం అన్నదాన్ని ఇంకొకరు ఘోరం అంటున్నారు. అసలు ఆ ఊళ్లో మంచి భోజనం దొరుకుతుందా అన్నది మీ సందేహం.

దొరుకుతుంది. మీరు దిగే హోటల్లో మెరిసే బోర్డుల కింద మాత్రం అంత తేలిగ్గా దొరకదు. ఒక్క పూట క్యాసినోలో తినండి. మిగతా పూటలు సముద్రం వైపు వీపు తిప్పి రెండు మూడు వీధులు లోపలికి నడవండి, లేదా కారులో పక్క ఊళ్లు వెంట్నార్, మార్గేట్ వైపు వెళ్లండి. ఏ చోటు గురించైనా ఎటూ తేలకపోతే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఫిబ్రవరిలో, మంగళవారం రాత్రి కూడా ఇది తెరిచి ఉంటుందా? అప్పుడు లోపల కూర్చునేవాళ్లు సొంత డబ్బుతో తింటారా? రెండింటికీ అవును అని జవాబు వస్తే కళ్లు మూసుకుని వెళ్లవచ్చు.

నేను ఇక్కడి ఒక క్యాసినో హోటల్లో ఆహార విభాగానికి సరుకులు కొనే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. ఇప్పటికీ, ఊరికీ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న ఉప్పు కయ్యకు ఇవతల, ఎగ్ హార్బర్ టౌన్‌షిప్‌లోనే ఉంటున్నాను. కాబట్టి వంటగది వెనుక తలుపు వైపు నుంచి చూసి చెబుతున్న మాటలు ఇవి.

ముందుగా ఆ సొంత డబ్బు సంగతి. క్యాసినో రెస్టారెంట్లో కూర్చున్నవాళ్లలో చాలామంది జేబులోంచి డబ్బు తీసి ఇవ్వరు. ఆడినందుకు క్యాసినో ఇచ్చే పాయింట్లతోనో, ఉచిత భోజనం కూపన్‌తోనో బిల్లు కడతారు. ఇక్కడ అందరూ దాన్ని 'కాంప్' అంటారు. ఊరికే వచ్చిన పాయింట్లతో తినేవాడు చేప చల్లారిపోయినా గొడవ చేయడు, ధర ఎక్కువైనా పట్టించుకోడు. ఆ ధరలు చూసి అదిరిపడేది మీలా డబ్బు కట్టి తినేవాళ్లే. అసలు మెనూలో అంకె పెద్దగా ఉంటేనే ఆ కాంప్ గొప్పగా కనిపిస్తుంది. నాసిరకం తిండి పెట్టాలని ఎవరూ అనుకోరు, కానీ బాగా వండితీరాలన్న ఒత్తిడి కూడా అంతగా ఉండదు.

ఉచిత భోజనం నిజంగా ఉచితమా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నాకు తెలిసిన ఒకాయన కుటుంబంతో వచ్చి, రాత్రి భోజనానికి పాయింట్లు సంపాదించాలని మధ్యాహ్నమంతా స్లాట్ మెషీన్ ముందే కూర్చున్నారు. లెక్క చూడండి. నొక్కినప్పుడల్లా ఒక డాలరు, గంటకు 500 సార్లు, మెషీన్ మిగుల్చుకునేది 9 శాతం అనుకుందాం. సగటున గంటకు 45 డాలర్లు పోతాయి. న్యూజెర్సీ చట్టం ప్రకారం స్లాట్ మెషీన్ కనీసం 83 శాతం తిరిగి ఇవ్వాలి, అంటే 17 శాతం దాకా మిగుల్చుకునే వీలుంది. క్యాసినో మీకు రావలసిన కాంప్‌ను లెక్కకట్టేది ఆ పోయే డబ్బులో ఒక చిన్న వంతుగానే. మూడు గంటలు కూర్చుని ఒక బర్గర్ సంపాదించడం కంటే, నేరుగా వెళ్లి మంచి చేప కొనుక్కుని తినడం చవక. సరదాగా ఆడుకోండి, తప్పులేదు. భోజనం కోసం మాత్రం ఆడకండి.

రెండో కారణం ఊరి చరిత్రలో ఉంది. ఇక్కడ బోర్డ్‌వాక్ 1870లో వచ్చింది. క్యాసినోలకు 1976లో ఓటర్లు ఒప్పుకున్నారు, 1978లో మొదటి క్యాసినో 'రిసార్ట్స్' తెరుచుకుంది. హోటల్‌కు కనీసం 500 గదులు ఉంటేనే క్యాసినో లైసెన్సు అని చట్టం పెట్టారు. దాంతో పడక, తిండి, పాట, ఆట అన్నీ ఒకే కప్పు కింద పెట్టిన పెద్ద భవనాలు లేచాయి. వాటి మొహం సముద్రం వైపు, వీపు ఊరి వైపు. లోపలికి వెళ్లినవాడు బయటికి రావలసిన అవసరం లేకుండా కట్టారు. వచ్చిన జనం లోపలే ఉండిపోతే ఊళ్లోని భోజనశాలలు ఎవరి మీద బతకాలి? చాలావరకు మూతపడ్డాయి. తట్టుకుని నిలబడినవి స్థానికుల మీద, పాత గిరాకీ మీద నిలబడ్డాయి. నేను మిమ్మల్ని పంపాలనుకునేది అలాంటి చోట్లకే.

క్యాసినో తిండి మొత్తం చెడ్డదని నేను అనడం లేదు. 2003లో బోర్గాటా అనే క్యాసినో హోటల్ వచ్చాక పేరున్న షెఫ్‌లను తెచ్చే పోటీ మొదలైంది. పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో క్యాసినోలు వచ్చాక జూదం కోసమే ఇంత దూరం వచ్చేవాళ్లు తగ్గారు. 2014లో ఒక్క ఏడాదిలోనే ఇక్కడ నాలుగు క్యాసినోలు మూతపడ్డాయి. మిగిలినవాటికి, తిండి కూడా జనాన్ని రప్పించే సరుకేనని అప్పుడు బాగా అర్థమైంది. ఇప్పుడు తొమ్మిది ఉన్నాయి. సీజర్స్‌లో నోబు, గోర్డన్ రామ్‌సే పేరుతో హెల్స్ కిచెన్, ఓషన్‌లో స్పానిష్ వంటకాల అమాడా, ట్రోపికానాలో 'ది క్వార్టర్' అనే భాగం నిండా రెస్టారెంట్లు. అయితే బోర్డు మీద పేరున్న షెఫ్ ఆ రాత్రి వంటగదిలో ఉంటారని ఆశపడకండి. పేరు ఆయనది, వంట స్థానిక బృందానిది. ఆ బృందంలో గొప్ప వంటవాళ్లను నేను చూశాను. శనివారం రాత్రి రద్దీలో వాళ్లే చేతులెత్తేయడమూ చూశాను.

అందుకే క్యాసినోలో తినే ఆ ఒక్క పూటను ఆదివారం నుంచి గురువారం లోపు పెట్టుకోండి. వారాంతం తప్పదంటే ఆ రాత్రి హోటల్లో కచేరీ ఏదైనా ఉందేమో చూసుకోండి. ప్రదర్శన ఎనిమిదికి ఉంటే ఐదున్నర నుంచి ఏడున్నర దాకా వంటగదిలో ఊపిరి తీసుకునే సందు ఉండదు. ఎనిమిదింపావుకు హాలు సగం ఖాళీ అవుతుంది. అదే వంటవాళ్లు, అదే చేప, కానీ పళ్లెంలోకి వచ్చేది వేరుగా ఉంటుంది. పెద్దవాళ్లు అంతసేపు ఆగలేరనుకుంటే ఐదు గంటలకే వెళ్లి కూర్చోండి.

బఫే గురించి అడుగుతారని తెలుసు, మనవాళ్లందరూ అడుగుతారు. ఒకప్పుడు ఈ ఊరు బఫేలకు పెట్టింది పేరు. కొవిడ్‌లో మూసిన వాటిలో చాలావరకు మళ్లీ తెరుచుకోలేదు. పాత బ్లాగుల్లో చదివి బయల్దేరకండి, ఫోన్ చేసి కనుక్కోండి.

ఇప్పుడు ఊళ్లోకి వెళ్దాం. వీధుల పేర్లు తెలిస్తే దారి తప్పరు. సముద్రానికి సమాంతరంగా పోయే రోడ్లకు సముద్రాల పేర్లు: పసిఫిక్, తర్వాత అట్లాంటిక్, ఆర్కిటిక్, బాల్టిక్. అడ్డంగా వచ్చే వీధుల్లో చాలావాటికి రాష్ట్రాల పేర్లు: మిసిసిపి, జార్జియా, అయోవా. మోనోపలీ ఆటలో ఉన్నవి ఈ ఊరి వీధుల పేర్లే. బోర్డ్‌వాక్ నుంచి ఒక్కో రోడ్డు దాటుతున్నకొద్దీ ధర తగ్గుతుంది, వంటలో శ్రద్ధ పెరుగుతుంది. ఇది నేను గమనించిన సంగతి, దీనికి మినహాయింపులు లేకపోలేదు.

నాన్నగారికి మొదట డాక్స్ ఆయిస్టర్ హౌస్. అట్లాంటిక్ అవెన్యూ మీద 1897 నుంచి ఉంది, డోర్టీ కుటుంబానిది. చవక కాదు, కానీ క్యాసినోలో పెట్టే డబ్బే ఇక్కడ పెడితే చేప చేపలా ఉంటుంది. పసిఫిక్, అట్లాంటిక్ అవెన్యూలు కలిసే మూల మీద 1912 నాటి నైఫ్ అండ్ ఫోర్క్ ఇన్ ఉంది, అదీ ఇప్పుడు వాళ్లదే. భవనం చూడముచ్చటగా ఉంటుంది. ఒక్కదానికే వీలైతే నేను డాక్స్‌కే ఓటేస్తాను.

చేపల విషయంలో సరుకు కొన్నవాడిగా నాలుగు మాటలు. మీరు వచ్చే సమయానికి మెత్తటి పెంకు పీతలు, అంటే సాఫ్ట్‌షెల్ క్రాబ్, ఇంకా దొరుకుతాయి. పెంకు వదిలిన పీతను మొత్తంగా వేయించి పెడతారు, కాళ్లతో సహా నమిలేయవచ్చు. మన గోదావరి, కృష్ణా జిల్లాల పెద్దలకు బాగా నచ్చే వంటకం ఇది. ఫ్లూక్ అనే చదును చేప, బ్లాక్ సీ బాస్ ఈ తీరంలోనే పడతాయి. సాల్మన్ ఇక్కడి చేప కాదు, అది ఎక్కడైనా తినవచ్చు. రెండు రోజుల కోసం వచ్చి సాల్మన్ అడిగితే నాకు మనసు చివుక్కుమంటుంది.

స్కాలప్స్, అంటే గుల్లలో ఉండే ఒక సముద్ర జీవి మాంసం, చెప్పుకుంటే ఒక్క మాట ఎక్కువ అడగండి: "ఇవి డ్రై స్కాలప్సేనా?" కొందరు సరఫరాదారులు వాటిని ఫాస్ఫేట్ కలిపిన నీళ్లలో నానబెడతారు. నీరు పీల్చి బరువు పెరుగుతాయి, తూకంలో నీళ్లకూ మనమే డబ్బు కడతాం. పెనం మీద పడగానే ఆ నీరంతా వదిలి, ఎర్రగా వేగకుండా ఉడికిపోతాయి, రుచి సబ్బులా తగులుతుంది. నానబెట్టనివి డ్రై. కేప్ మే, బార్నెగాట్ లైట్ రేవుల పడవలు స్కాలప్స్ తెస్తాయి, కాబట్టి ఈ తీరంలో నానబెట్టినవి తినవలసిన ఖర్మ లేదు. ఈ ప్రశ్నకు వడ్డించే మనిషి వెంటనే జవాబు చెబితే వంటగది మీద నమ్మకం పెట్టుకోవచ్చు. తెలియదు, లోపల కనుక్కుని వస్తానన్నా మంచిదే. "అన్నీ తాజావేనండీ" అని నవ్వి ఊరుకుంటే కోడి వంటకం చెప్పుకోండి.

పచ్చి ఆయిస్టర్లు, అంటే ఆల్చిప్పలు, ఈ ఊరి గర్వం, డెలావేర్ బే నుంచి వచ్చేవి బ్రహ్మాండంగా ఉంటాయి. అయినా నాన్నగారికి షుగర్ గానీ, కాలేయం జబ్బు గానీ ఉంటే పచ్చివి పెట్టవద్దు. వేసవి వేడి నీళ్లలో విబ్రియో అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, అలాంటివారికి అది ప్రమాదం. ఉడికించినవో, వేయించినవో తినిపించండి.

మధ్యాహ్నానికి డక్‌టౌన్ వెళ్లండి. పాత ఇటాలియన్ పేట అది. మిసిసిపి, ఆర్కిటిక్ అవెన్యూల మూల మీద 1946 నుంచి వైట్ హౌస్ సబ్ షాప్ ఉంది. పొడవాటి రొట్టె మధ్యలో మాంసం, చీజ్ కూరి ఇస్తారు. రహస్యమంతా రొట్టెలోనే. ఎదురుగానే 1919 నాటి ఫార్మికా బ్రదర్స్ బేకరీ ఉంది. పైన కరకర, లోపల మెత్తన. ఆ రొట్టెను సముద్రపు గాలిలో సాయంత్రం దాకా దాచుకుంటే సాగిపోతుంది, అప్పుడే తినాలి. జాగ్రత్త: చీజ్‌స్టేక్ అంటే గొడ్డు మాంసం. మీట్‌బాల్స్‌లోనూ సాధారణంగా అదే ఉంటుంది. నాన్నగారికి చికెన్‌తో చేసినదో, ట్యూనాతో చేసినదో అడగండి. సగం సైజు ఒక మనిషికి ధారాళంగా సరిపోతుంది. ఆ పక్కనే ఆర్కిటిక్ అవెన్యూ మీద పాంచోస్ అనే చిన్న మెక్సికన్ టకేరియా, అంటే టాకోల దుకాణం, ఉంది. వాళ్ల మొక్కజొన్న టోర్టియాల కోసం నేను ప్రత్యేకంగా ఉప్పు కయ్య దాటి వెళ్తుంటాను.

షెఫ్ వోలాస్ గురించి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పసిఫిక్ అవెన్యూ పక్క సందులో, ఒక ఇంటి కింది అంతస్తులో, 1921 నుంచి నడుస్తోంది. ఫోన్ చేసి ముందే టేబుల్ మాట్లాడుకోవాలి, నగదు పట్టుకెళ్లాలి, మద్యం కావాలంటే సీసా మనమే తీసుకెళ్లాలి. తిండి బాగుంటుంది, 'బనానా క్రీమ్ పై' అనే అరటిపండు తీపి వంటకం గురించి జనం కథలు చెప్పుకుంటారు. కానీ గది ఇరుకు, మెట్లు దిగాలి, అమ్మగారికి తినడానికి ఉండేది కొంచెమే. ఈసారికి వదిలేయండి, మీరిద్దరే వచ్చినప్పుడు వెళ్లండి.

సీసా మాట వచ్చింది కాబట్టి: న్యూజెర్సీలో చాలా చిన్న రెస్టారెంట్లకు మద్యం లైసెన్సు ఉండదు. ఊరి జనాభాలో 3,000 మందికి ఒకటి అని చట్టం పరిమితి పెట్టింది, అందుకే ఆ లైసెన్సు ధర చుక్కలనంటుతుంది. లైసెన్సు లేని చోటంటే తక్కువ రకం అనుకోకండి. అక్కడ లాభమంతా వంట మీదే రావాలి కాబట్టి, వంట బాగుండే అవకాశమే ఎక్కువ.

అమ్మగారి విషయం కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇబ్బందంతా ఇక్కడే వస్తుంది. ఈ ఊళ్లో 'వెజిటేరియన్' అంటే గుడ్డు, చీజ్ తింటారనే అనుకుంటారు. మాంసం కనబడకపోతే చాలనుకునేవాళ్లూ ఉన్నారు. ఇటాలియన్ చోట ఎర్రటి సాస్ రెండు రకాలు. మరినారా అంటే టమాటా, వెల్లుల్లి, నూనె. 'గ్రేవీ' అంటే మాంసం వేసి గంటల తరబడి ఉడికించినది, ముక్కలు తీసేసి పోస్తే చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. వంకాయ పార్మజాన్ చూడగానే మనవాళ్లకు ప్రాణం లేచి వస్తుంది. అయితే ఆ ముక్కలను వేయించే ముందు సాధారణంగా గుడ్డులో ముంచుతారు. "ఇక్కడే చేసిన తాజా పాస్తా" అని గొప్పగా రాశారంటే అందులోనూ గుడ్డు ఉందనే అనుకోండి. పొట్లంలో వచ్చే ఎండు స్పగెట్టిలో మామూలుగా గోధుమ రవ్వ, నీళ్లు తప్ప మరేమీ ఉండవు. కాబట్టి అమ్మగారికి మామూలు స్పగెట్టీయే మేలు. కూరగాయల సూప్‌లో కోడిని ఉడికించిన నీళ్లు, మెక్సికన్ చోట బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో కోడి నీళ్లు, వియత్నామీస్ చోట అన్నింటా చేప సాస్ ఉండవచ్చు. బంగాళాదుంప వేపుడు కూడా చేపలు వేయించిన నూనెలోంచే రావచ్చు. పార్మజాన్ చీజ్‌ను దూడ పొట్టలోని రెన్నెట్‌తో చేస్తారు, అది పట్టింపు ఉంటే చల్లవద్దని చెప్పండి.

ఇదంతా బల్ల దగ్గర, రద్దీలో, వడ్డించే కుర్రవాడితో తేలదు. మధ్యాహ్నం మూడు, నాలుగున్నర మధ్య ఫోన్ చేయండి. అప్పుడు వంటగది నిదానంగా ఉంటుంది, ఫోన్ షెఫ్ దాకా వెళ్తుంది. "శాకాహారం ఉందా?" అని అడగవద్దు, ఉందంటారు. "మాంసం, చేప, గుడ్డు, వాటి నీళ్లు ఏవీ తగలకుండా ఏం చేయగలరు?" అని అడగండి. మా బావగారి తల్లిదండ్రులు వచ్చినప్పుడు మార్గేట్‌లో ఒక చిన్న చోటికి ఇలాగే ఫోన్ చేశాను. మెనూలో లేకపోయినా వెల్లుల్లి, ఎండుమిరప, ఆలివ్ నూనెతో స్పగెట్టి, కొంచెం చేదుగా ఉండే బ్రకోలీ రాబ్ ఆకు, తెల్ల చిక్కుడు గింజలు విడిగా చేసి పెట్టారు. అత్తయ్యగారు ఆ ఆకుకూర రెండోసారి అడిగి వేయించుకున్నారు. అదే పెద్దావిడకు ముందు రోజు ఒక ఖరీదైన స్టేక్‌హౌస్‌లో దొరికింది ఉడికించిన బంగాళాదుంప ఒక్కటే, పన్నెండు డాలర్లకు.

పిజ్జా ఎప్పుడూ భద్రమే. ట్రోపికానా వెనక, అట్లాంటిక్, అయోవా అవెన్యూల మూల మీద 1927 నాటి టోనీస్ బాల్టిమోర్ గ్రిల్ ఉంది. పలచటి పిజ్జా, పాత బల్లలు, ఏ హంగూ లేదు. రాత్రి పని దిగిన, క్యాసినోలో పేక పంచే డీలర్లు, వెయిటర్లు చేరే చోటు కూడా ఇదే. అన్నట్టు, ఈ ఊళ్లో ఎక్కడ తినాలో తెలుసుకోవడానికి అన్నింటికంటే నమ్మకమైన దారి ఒకటుంది. స్వాగతం బల్ల దగ్గర కాకుండా, కారు తెచ్చిచ్చే కుర్రవాణ్నో, గది సర్దే ఆవిడనో "మీరు సెలవు రోజున ఇంట్లోవాళ్లతో ఎక్కడ తింటారు?" అని అడగండి. "మంచి రెస్టారెంట్ ఏది?" అని అడిగితే హోటల్ లోపలి దాని పేరే చెబుతారు, అలా చెప్పమనే వాళ్లకు నేర్పుతారు.

హోటళ్లలో అలా పనిచేసే మనుషుల్లో బంగ్లాదేశీయులు, భారతీయులు, వియత్నామీయులు, మెక్సికన్లు చాలామంది. అందుకే అట్లాంటిక్ అవెన్యూ మీద చిన్న చిన్న హలాల్ దుకాణాలు, బెంగాలీ కిరాణాలు కనిపిస్తాయి. పైకి ఏమీ ఉండవు. నాన్నగారికి ఆవపెట్టిన చేప కూర, అన్నం దొరికితే క్యాసినో భోజనం గుర్తుండదు. అమ్మగారికి పప్పు, కూర అడిగి చూడండి. ఇంట్లోవాళ్ల కోసం వండినది కూడా తెచ్చి పెడతారు.

ఉదయం టిఫిన్‌కు గార్డ్‌నర్స్ బేసిన్‌లో పడవల పక్కనే గిల్‌క్రిస్ట్ ఉంది, హాట్‌కేకులకు పేరు. జూన్ చివరికి హామంటన్ తోటల బ్లూబెర్రీలు వచ్చేస్తాయి, అవి వేసి చేసినవి అడగండి. పిండిలో గుడ్డు ఉంటుంది కాబట్టి అమ్మగారికి పనికిరావు. ఎడిసన్ నుంచే వస్తున్నారు కదా, మొదటి రోజుకు పులిహోర, రెండు డబ్బాల పెరుగు వెంట తెచ్చుకోండి. గదిలో ఫ్రిజ్ ఉందో లేదో ముందే అడగండి. కొన్ని హోటళ్లలో ఉండేది అమ్మకపు సీసాలతో నిండిన మినీబార్. దాంట్లో వస్తువు పక్కకు జరిపినా బిల్లులో పడవచ్చు.

బోర్డ్‌వాక్ మీద కడుపు నింపుకోవద్దు, చిరుతిళ్లు మాత్రం తినండి. సాల్ట్ వాటర్ టాఫీ 1880ల నుంచి ఈ ఊరి మిఠాయి. అమ్మగారికి ఇచ్చే ముందు డబ్బా మీద గుడ్డు తెల్లసొన, జిలాటిన్ ఉన్నాయేమో చదవండి. సముద్రం కనబడే బల్లకు అద్దె మీ పళ్లెంలోంచే వసూలవుతుంది. దృశ్యం కావాలంటే బెంచీ మీద ఉచితంగా కూర్చోవచ్చు.

రెండో రోజు సాయంత్రం కారు తీసి ద్వీపం వెంట దక్షిణానికి వెళ్లండి. అట్లాంటిక్ సిటీ, వెంట్నార్, మార్గేట్, లాంగ్‌పోర్ట్ నాలుగూ ఒకే ద్వీపం మీద ఉన్నాయి. మార్గేట్‌లో 1881 నాటి ఆరంతస్తుల చెక్క ఏనుగు లూసీని పెద్దవాళ్లకు చూపించి, ఉప్పు కయ్య ఒడ్డున ఉన్న స్టీవ్ అండ్ కుకీస్‌లో తినండి. చేపలకూ, పక్క తోటల నుంచి వచ్చే కూరగాయలకూ ఇది నా మొదటి ఎంపిక. జూన్‌లో టేబుల్ ముందే చెప్పుకోవాలి.

రివ్యూల గురించి. ఒకే చోటిని ఒకరు పొగిడి ఇంకొకరు తిట్టడానికి కారణం చాలాసార్లు రోజు తేడా. ఆగస్టు శనివారం తిన్నవాడికీ నవంబర్ బుధవారం తిన్నవాడికీ దొరికింది ఒకే వంటగది కాదు. తేదీలు చూసి నవంబర్ నుంచి మార్చి మధ్య రాసినవి చదవండి, అవి ఎక్కువగా స్థానికులవి. "దృశ్యం అద్భుతం", "మాకు ఉచితంగా వచ్చింది" అన్న ఐదు నక్షత్రాలను లెక్కలోంచి తీసేయండి. స్టేక్, పాస్తా, సుషీ, టాకో అన్నీ ఉన్న మెనూ ఫోటో కనబడితే ముందుకు సాగిపోండి.

డబ్బు లెక్క కూడా వేసుకోండి. అమ్మకపు పన్ను 6.625 శాతం. ఈ ఊళ్లో గ్లాసుతో అమ్మే మద్యం మీద అదనంగా 3 శాతం లగ్జరీ పన్ను ఉంది. టిప్పు 18 నుంచి 20 శాతం. అంటే మెనూలో 100 డాలర్లు కనబడితే చేతిలోంచి పోయేది సుమారు 126. ఆరుగురు, అంతకంటే ఎక్కువమంది అయితే టిప్పు బిల్లులోనే కలిపేస్తారు, చూడకుండా రెండోసారి ఇవ్వకండి. మార్చి మొదట్లో రెస్టారెంట్ వీక్ జరుగుతుంది, పెద్ద చోట్లు కూడా స్థిర ధరకు భోజనం పెడతాయి. మీ తేదీలకు కుదరదు, తర్వాతి సారికి గుర్తుంచుకోండి.

పెద్దవాళ్లతో రెండు జాగ్రత్తలు. ఒకటి, ఇక్కడి క్యాసినోల్లో ఆడే అంతస్తులో కొంత భాగంలో పొగ తాగడానికి చట్టం ఒప్పుకుంటుంది. రెస్టారెంట్ లోపల తాగరు, కానీ అక్కడికి వెళ్లే దారి ఆ పొగలోంచే ఉండవచ్చు. ఆస్తమా ఉంటే బోర్డ్‌వాక్ వైపు తలుపు ఉన్న చోటు ఎంచుకోండి. రెండు, పగలు నడిచి వెళ్లమన్న వీధుల్లో రాత్రి తొమ్మిది దాటాక జనం పల్చబడతారు. అప్పుడు నడవకుండా కారులోనో, జిట్నీ అనే చిన్న బస్సులోనో వెళ్లండి.

ఇది చదివే మిగతావారికి ఒక మాట: బోర్గాటా, హారాస్, గోల్డెన్ నగెట్ మూడూ బోర్డ్‌వాక్ మీద లేవు, మెరీనా వైపు ఉన్నాయి. అక్కడ దిగితే నడిచి వెళ్లడానికి ఊరే ఉండదు, ప్రతి పూటా బండి ఎక్కాలి. ఈ ప్రశ్న అడిగినవారు తమ హోటల్ పేరు, ఏ రోజుల్లో వస్తున్నారో కింద రాస్తే, నడక దూరంలో ఏ పూటకు ఏది కుదురుతుందో చెబుతాను.